మౌనానికి పావు వంతు

తెలుగువాడికి లోకమంటే నలుగురు. నలుగురూ ఏమంటారో అని వెనకాడతాం, నలుగురిలో మాట పడ్డామని కుమిలిపోతాం, ఎటూ తేలనప్పుడు నలుగురితో నారాయణ అనేస్తాం. చివరికి పాడె మొయ్యడానికీ నలుగురే కావాలంటాం. ఆ అంకె మన భాషలోకి ఎలా వచ్చిందో గానీ, ఒక మనిషి తీర్పుని వంచడానికి దాదాపు అంతమందే చాలని 1950లలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త కొలిచి చూశాడు. అమెరికాలోని స్వార్త్‌మోర్ కాలేజీలో పనిచేసిన సాలమన్ ఆష్, కాలేజీ కుర్రవాళ్లని ఒక గదిలో వరసగా కూర్చోబెట్టి ఒక కార్డు మీద ఒక గీతనీ, ఇంకో కార్డు మీద మూడు గీతలనీ చూపించాడు. మొదటి గీతతో సమానమైనది ఏదో పైకి చెప్పాలి, అంతే. గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ముందే కూడబలుక్కున్నవాళ్లు. 18 సార్లలో 12 సార్లు అందరూ కలిసి ఒకే తప్పు సమాధానం చెప్తారు. విడిగా అడిగితే నూటికి ఒక్క తప్పు కూడా రాని ఆ చిన్న పనిలో, ఆ వరసలో కూర్చున్నవాళ్లు ఆ పన్నెండింటిలో దాదాపు 37 శాతం సార్లు తప్పారు. పరీక్షకి వచ్చిన 123 మందిలో ముప్పాతిక మంది ఒక్కసారైనా తమ కంటికి కనిపించింది వదిలేసి పక్కవాళ్లు అన్నదే అన్నారు. తప్పు చెప్పేవాడు ఒక్కడే ఉంటే అది వాళ్లని దాదాపు కదిలించలేదు. ఇద్దరుంటే కొంత కదిలారు. ముగ్గురో నలుగురో అయ్యేసరికి ఒత్తిడి పూర్తి స్థాయికి చేరింది. ఆపైన పదిహేనుమందిని చేర్చినా అది పెద్దగా పెరగలేదు.

ఈ ప్రయోగాన్ని తలుచుకునే ప్రతివాళ్లూ మనిషి గొర్రెల మందలో ఒక గొర్రె అని తేల్చేస్తారు. ఆష్ అలా తేల్చలేదు, నేనూ ఒప్పుకోను. మూడింట రెండు వంతుల సమాధానాలు గుంపుని కాదని నిజాన్నే చెప్పాయి. నలుగురిలో ఒకరు పన్నెండు సార్లూ లొంగలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఆ వరసలో ఇంకొక్కడు సరైన సమాధానం చెప్పేలా ఆష్ ఏర్పాటు చేసినప్పుడు, లొంగడం నాలుగో వంతుకి పడిపోయింది. ఆ రెండోవాడు సరైన సమాధానం కాకుండా గుంపుకన్నా పెద్ద తప్పు చెప్పినా సరే, గుంపుతో విభేదించాడన్న ఒక్క కారణానికి, కూర్చున్నవాడికి తన కంటి మీద నమ్మకం తిరిగి వచ్చింది. మధ్యలో ఆ తోడు గుంపు వైపుకి మళ్లిపోతే లొంగుబాటు మళ్లీ పెరిగింది. అంటే గుంపు బలమంతా తలకాయల లెక్కలో లేదు, అందరూ ఒకే మాట మీద ఉన్నారన్న భ్రమలో ఉంది. ఆ భ్రమ నిలబడడానికి అందరూ అరవక్కర్లేదు. కొందరు అరిస్తే, తక్కినవాళ్లు నోరు మెదపకుండా కూర్చుంటే చాలు. ఇక్కడే ఇది మనస్తత్వ శాస్త్రం దాటి ధర్మ ప్రశ్న అవుతుంది. మౌనంగా ఉన్నవాడు ఆ పనికి బయట ఉన్నట్టా, లోపల ఉన్నట్టా? గుంపు ఒత్తిడి ఇంత గట్టిదని తెలిశాక, దానికి తలవంచినవాడి పాపం తరుగుతుందా?

ఈ ప్రశ్నని గీతల మీద కాక మనుషుల ప్రాణాల మీద అడగాలంటే, ఈ రోజు వేలాది తెలుగు కుటుంబాలు ఇళ్లు కొనుక్కుని ఉంటున్న కమ్మింగ్‌ని మించిన చోటు లేదు. జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకి ఉత్తరాన ఉన్న ఫోర్సిత్ కౌంటీకి అది ముఖ్యపట్టణం. 1910 జనాభా లెక్కల్లో ఆ కౌంటీలో దాదాపు పన్నెండు వేల మంది ఉంటే వాళ్లలో 1,098 మంది నల్లవాళ్లు. 1912 సెప్టెంబరు మొదటి వారంలో ఒక తెల్ల స్త్రీ మీద నల్లవాడు చెయ్యి వేశాడన్న ఆరోపణ వచ్చింది. గ్రాంట్ స్మిత్ అనే నల్ల మతబోధకుడు ఆమె గురించి అందరూ అంటున్నదానికి భిన్నంగా ఒక మాట అన్నాడు. పట్టపగలు, కోర్టు ముందు, గుంపు అతన్ని కొరడాలతో కొట్టింది. కొద్ది రోజుల్లోనే మే క్రో అనే పద్దెనిమిదేళ్ల తెల్ల అమ్మాయి దారుణంగా దెబ్బలు తిని అడవిలో కనిపించింది, తర్వాత చనిపోయింది. అనుమానం మీద పట్టుకున్న రాబ్ ఎడ్వర్డ్స్‌ని సెప్టెంబరు 10న గుంపు జైల్లోంచి లాక్కొచ్చి చంపి, కూడలిలో స్తంభానికి వేలాడదీసింది. పదహారేళ్ల ఎర్నెస్ట్ నాక్స్, పద్దెనిమిదేళ్ల ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు కుర్రవాళ్లకి తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ మరణశిక్ష వేసింది. నాక్స్ నేరం ఒప్పుకున్నది మెడకి తాడు బిగిస్తామని బెదిరించాకే. ఉరి జనం కంటపడకూడదని కోర్టు ఉత్తర్వు మేరకు ఉరికంబం చుట్టూ దడి కట్టారు. ముందు రాత్రే ఆ దడిని తగలబెట్టేశారు. అక్టోబరు 25న దాదాపు అయిదు వేల మంది ఆ ఉరి చూశారు. ఆ శరదృతువులోనే రాత్రిళ్లు గుర్రాల మీద వచ్చిన గుంపులు నల్లవాళ్ల ఇళ్ల మీద కాల్పులు జరిపి, చర్చిలు తగలబెట్టి, ఊరు విడిచి పొమ్మన్నాయి. కొద్ది నెలల్లో కౌంటీ అంతా దాదాపు ఖాళీ అయింది. వాళ్ల పొలాలు చాలావరకు చవగ్గా పోయాయి, కొన్ని పరాయివాళ్ల పేర్ల మీదికి చేరిపోయాయి.

దడి కాలిన సంగతి దగ్గర ఆగాలి. చట్టం ఆ చావుని గోప్యంగా ఉంచమంది, ఊరు అందరూ చూడాలంది. చూడడానికి వచ్చిన అయిదు వేల మందిలో ప్రతి ఒక్కడూ పక్కవాడికి సాక్ష్యం అయ్యాడు. ఇంతమంది వచ్చారంటే ఇది సరైనదే అయ్యుండాలని పక్కవాడు అనుకోవడానికి అతను అక్కడ నిలబడి ఉండడమే చాలు. అతని మనసులో ఏముందో ఎవరికీ తెలియదు, ఎవరికీ అక్కర్లేదు కూడా. గ్రాంట్ స్మిత్‌ని కొట్టినప్పుడే విభేదించడానికి ధర ఎంతో ఊరందరికీ తెలిసిపోయింది. ఆ ధర చూశాక ఎవరి మౌనాన్నయినా సమ్మతి కింద జమకట్టుకోవడం గుంపుకి తేలికైపోయింది. తమ పొలాల్లో పనిచేసే నల్ల కుటుంబాలని కాపాడుకోవాలని చూసిన తెల్ల భూస్వాములూ కొందరు ఉన్నారు. వాళ్లకీ బెదిరింపులు వచ్చాయి, ఒక్కొక్కరుగా చల్లబడ్డారు. ఆ చల్లబడడమే తర్వాత డెబ్బై అయిదేళ్ల పాటు ఆ కౌంటీ ఆచారం అయింది. 1990 జనాభా లెక్కల్లో 44,083 మందిలో నల్లవాళ్లు 14 మంది. ఆ కాలమంతా తుపాకి పట్టుకుని కాపలా కాసినవాళ్లు కొద్దిమందే అయ్యుంటారు. తక్కిన పని మౌనం చేసింది.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ బలమైనదే. ఆష్ గదిలో కూర్చున్నవాడికి నిజం తెలుసు, తెలిసీ తప్పు చెప్పాడు. 1912లో కమ్మింగ్ తెల్లవాళ్లు తమకి తెలిసిన నిజాన్ని దాచలేదు, ద్వేషాన్ని మనసారా నమ్మారు, భూమి మీద ఆశపడ్డారు, దీన్ని మొహమాటం కింద చూపిస్తే నేరాన్ని పల్చన చేసినట్టే అంటారు. ద్వేషం నిజం, ఆశ నిజం, దాన్ని పల్చన చెయ్యడానికి నేను ఒప్పుకోను. కానీ నమ్మకం, లొంగుబాటు అనేవి రెండు వేరువేరు గదులు కావు. ఆష్ చిన్నప్పుడు పోలండ్‌లో యూదుల పాస్‌ఓవర్ పండగ రాత్రి జరిగిన సంగతి ఒకటి చెప్పేవాడు. ఏలియా ప్రవక్త కోసం ఒక ద్రాక్షరసం గిన్నె నింపి పెడతారు. ప్రవక్త వచ్చి ఒక గుక్క తాగుతాడు, గమనిస్తూ ఉండు అని బంధువు ఒకాయన చెప్పాడు. పిల్లవాడు కళ్లార్పకుండా చూశాడు, గిన్నెలో రసం కొంచెం తగ్గినట్టే కనిపించింది. అక్కడ భయం లేదు, బలవంతం లేదు, ప్రేమ ఉంది, అయినా చూపు మారింది. 2005లో అట్లాంటాలోనే ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం ఇలాంటి పరీక్ష పెడుతూ మెదడుని స్కాన్ చేసి చూసింది. గుంపు తప్పుకి లొంగినప్పుడు మార్పు కనిపించింది ఆకారాలని గ్రహించే భాగాల్లో. గుంపుని కాదన్నప్పుడు భావోద్వేగానికి సంబంధించిన అమిగ్డలా రగిలింది. ఒక్క పరిశోధన మీద కోట కట్టకూడదు గానీ, నలుగురి మాట మన నోటినే కాక కంటిని కూడా తాకగలదని, కాదనడంలో ఒక నొప్పి ఉందని అనుకోవడానికి అది ఆధారం ఇస్తుంది. ఇంకా ఒక సంగతి. 1968 నాటి ఒక అమెరికా సర్వేని విశ్లేషించి హ్యూబర్ట్ ఓ'గోర్మన్ 1975లో చూపించినది ఇది: జాతుల్ని వేరుగా ఉంచాలని గట్టిగా కోరే తెల్లవాళ్లు తక్కువమందే, కానీ తమ చుట్టూ ఉన్న తెల్లవాళ్లు అధికంగా అదే కోరుతున్నారని అనుకున్నవాళ్లు చాలామంది. అంటే పక్కవాడి ద్వేషాన్ని ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుని, ఆ ఊహకి తలవంచి, అలా తలవంచడం వల్లే ఆ ఊహని నిజం చేస్తూ వచ్చారు.

మన వాఙ్మయంలో ఈ చిత్రం ఇంతకన్నా స్పష్టంగా గీసి ఉంది. సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్నకి కురుసభ మొత్తం తల దించుకుంది. ధర్మం సూక్ష్మమని భీష్ముడు తప్పుకున్నాడు. అప్పుడు దుర్యోధనుడి తమ్ముళ్లలో ఒకడైన వికర్ణుడు లేచాడు. జూదం వ్యసనమనీ, తాను ఓడిపోయాక ధర్మరాజుకి పందెం కాసే హక్కు లేదనీ, ఆమె అయిదుగురికీ భార్య అనీ, ఆమెని పందెం పెట్టమని రెచ్చగొట్టింది శకుని అనీ వరసగా కారణాలు చెప్పాడు. సాధారణంగా మనం అక్కడితో ఆగి వికర్ణుడిని మెచ్చుకుంటాం. వ్యాసభారతం ఇంకో మాట చెప్తుంది: అతని మాట వినగానే సభలో పెద్ద కలకలం లేచింది, సభ్యులు వికర్ణుడిని పొగిడారు, శకునిని తిట్టారు. అంటే వాళ్లకి తెలుసు. ఒక్కడు నోరు విప్పగానే లోపల ఉన్నది బయటికి వచ్చింది. ఆ కలకలం అణిగాక కర్ణుడు గట్టిగా గదమాయించి, చిన్నవాడివి నీకేం తెలుసు అన్నాడు. ఆ పొగిడినవాళ్లలో ఒక్కడు లేచి నిలబడి వికర్ణుడు చెప్పింది నిజమని అని ఉంటే కథ వేరుగా నడిచేదని నేను నమ్ముతాను. తోడు దొరకని వికర్ణుడు తర్వాత ఏమయ్యాడు? కురుక్షేత్రంలో అన్న పక్షానే నిలబడి భీముడి చేతిలో చనిపోయాడు. భీముడే అతని కోసం బాధపడ్డాడు. ఆష్ గదిలో తోడు పోయినవాడు గుంపులోకి తిరిగి వెళ్లినట్టే ఇతనూ వెళ్లాడు.

అదే సభలో విదురుడు మౌనానికి లెక్క కట్టాడు. నిందించాల్సిన పనిని నిందించకుండా సభ ఊరుకుంటే, ఆ పాపంలో సగం సభకి పెద్ద అయినవాడికి చెందుతుంది, పావు వంతు చేసినవాడికి, పావు వంతు నోరు మెదపని సభ్యులకి. మనుస్మృతిలో ఇదే లెక్క కొంచెం మారి, చేసినవాడికీ, అబద్ధం చెప్పిన సాక్షికీ, సభకీ, రాజుకీ తలా పావు వంతు అవుతుంది. ఈ అంకెల్ని అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. కానీ దీని వెనక ఉన్న తెలివి నన్ను ఆశ్చర్యపరుస్తుంది. మౌనంగా ఉన్నవాడిని ఇది హంతకుడితో సమానం చెయ్యలేదు, నిర్దోషి అని వదలనూ లేదు. ఒత్తిడి ఉందని ఒప్పుకుని, ఆ ఒత్తిడిని తయారుచేసినవాళ్లలో అతనూ ఒకడని గుర్తుచేసింది. గుంపుకి లొంగడం బాధ్యతని తగ్గిస్తుందా అన్న ప్రశ్నకి నా జవాబు దీనిమీదే నిలబడుతుంది: వివరణ వేరు, మాఫీ వేరు. నన్ను వంచిన బరువులో నా బరువు కూడా ఉంది.

సంప్రదాయం తెలిసినవాళ్లు ఇక్కడ ఇంకో ఆక్షేపణ తెస్తారు. పెద్దలు నడిచిన దారే దారి అని యక్షుడికి ధర్మరాజు చెప్పలేదా, నలుగురి అనుభవం ఒక్కడి బుద్ధికన్నా గొప్పది కాదా అంటారు. నిజమే, చాలా సందర్భాల్లో నలుగురిని నమ్మడం తెలివైన పనే. వంటలో ఉప్పు ఎంత వెయ్యాలో, వాగు ఎక్కడ దాటాలో ప్రతివాడూ మొదటినుంచీ కనిపెట్టనక్కర్లేదు. కానీ నలుగురి మాటకి విలువ వచ్చేది నలుగురూ ఎవరికి వాళ్లు చూసినప్పుడు. ఎక్కువమంది తీర్పు సరైనదయ్యే అవకాశం హెచ్చని 1785లో ఫ్రెంచి గణితజ్ఞుడు కాండోర్సే నిరూపించినప్పుడు, ఎవరి తీర్పు వాళ్లదే అన్న షరతు అందులో ఉంది. ఒకడు చూసి, తక్కినవాళ్లు అతని ముఖం చూసి చెప్తే అది నలుగురి సాక్ష్యం కాదు, ఒక్కడి సాక్ష్యానికి నాలుగు నకళ్లు. ధర్మరాజు చెప్పిన 'మహాజనం' మహాత్ములా, పెద్ద గుంపా అని వ్యాఖ్యానించవచ్చు. మనుస్మృతి అయితే ధర్మానికి వేదం, స్మృతి, సజ్జనుల ఆచారం తర్వాత తన ఆత్మకి తృప్తినిచ్చేది కూడా ఆధారమంది. ఆచారం సజ్జనులది కావాలంది గానీ అధికులది కావాలనలేదు, చివరి మాట మనిషి అంతరాత్మకి ఇచ్చింది. ఈ విషయంలో బుద్ధుడు కాలాములు అనే జనానికి చేసిన బోధ ఇంకా ముక్కుసూటిది: పరంపర అనో, గురువు అన్నాడనో దేన్నీ ఒప్పుకోవద్దు, మీకై మీరు మంచీ చెడూ తెలుసుకున్నాకే పట్టుకోండి, వదలండి.

ప్రయోగాల మీద అనుమానమూ న్యాయమే. 1980లో ఇంగ్లండులో పెరిన్, స్పెన్సర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంజనీరింగ్, గణితం, రసాయన శాస్త్రం చదివే విద్యార్థుల మీద ఇదే పరీక్ష పెడితే 396 సార్లలో ఒక్కసారే లొంగుబాటు కనిపించింది. 17 దేశాల్లో జరిగిన 133 అధ్యయనాలని 1996లో కలిపి చూసిన బాండ్, స్మిత్, అమెరికాలో ఈ లొంగుబాటు 1950ల తర్వాత తగ్గుతూ వచ్చిందనీ, సమూహానికి ప్రాధాన్యమిచ్చే దేశాల్లో ఎక్కువగా ఉందనీ తేల్చారు. దీన్ని బట్టి ఆష్ తప్పని కొందరంటారు. నాకు ఇది ఊరటగా కనిపిస్తుంది. లొంగడం మన ఎముకల్లో స్థిరంగా ఉన్న జబ్బయితే చేసేదేమీ లేదు. కాలాన్ని బట్టి, చోటుని బట్టి, విభేదించడానికి కట్టాల్సిన ధరని బట్టి మారేదయితే, ఆ ధరని మనం తగ్గించగలం.

ఆ ధర తగ్గడానికి మొదటి మాట కన్నా రెండో మాట ముఖ్యమని చరిత్ర చెప్తోంది. 1987 జనవరిలో చక్ బ్లాక్‌బర్న్ అనే తెల్లాయన, కమ్మింగ్‌లో ఉండేవాడు, ఫోర్సిత్‌కి ఉన్న చెడ్డపేరు పోవాలని సోదరభావ నడక ఒకటి తలపెట్టాడు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి, ఆయన విరమించుకున్నాడు. అక్కడితో అది ఇంకో వికర్ణుడి కథ అయ్యేది. పక్క ఊరు గెయిన్స్‌విల్ నుంచి డీన్ కార్టర్ దాన్ని భుజాన వేసుకున్నాడు, అట్లాంటా నుంచి పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ వచ్చి కలిశాడు. జనవరి 17న వందమంది కూడా లేని ఆ చిన్న ఊరేగింపు మీద వందలమంది రాళ్లు, సీసాలు విసిరారు. వారం తిరగకుండా 24న దాదాపు 20,000 మంది కమ్మింగ్ వీధుల్లో నడిచారు, వాళ్ల కాపలాకి నేషనల్ గార్డు దిగింది. మన రాజమహేంద్రవరంలోనూ అంతే. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేసింది, పనివాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు లేరు. ఆ సాహసం ఆయనదే. కానీ డబ్బుతో అండగా నిలిచిన కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య లేకపోతే, గోదావరి నుంచి తానే నీళ్లు మోసి వండి పెట్టిన భార్య రాజ్యలక్ష్మమ్మ లేకపోతే అది ఒక్క పెళ్లితో ఆగిపోయేదేమో. చరిత్ర పుస్తకాల్లో వాళ్ల పేర్లు ఒక్కో వాక్యంలో వచ్చి పోతాయి. నా దృష్టిలో ఆష్ గదిలోని రెండో కుర్చీ వాళ్లది.

ఇప్పుడు ఫోర్సిత్ కౌంటీ జనాభా 2020 లెక్కల ప్రకారం 2,51,283. దాదాపు అయిదారుగురిలో ఒకరు ఆసియా మూలాలవారు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. మంచి బడులని విని, మనవాళ్లు ఉన్నారని విని, ఒకరి వెనక ఒకరం వచ్చాం. అందులో తప్పు లేదు. కానీ నలుగురినీ చూసి ఇల్లు కొన్నవాళ్లం, నలుగురినీ చూసి ఊరుకోవడం కూడా అలవాటు చేసుకునే ప్రమాదం ఉంది. విందులో ఎవరో ఒక కులాన్ని కించపరిచే మాట అంటారు. నల్లవాళ్ల గురించి ఎవరో ఒక మాట తేలిగ్గా విసురుతారు. నలుగురూ నవ్వుతారు, అయిదోవాడు ఇబ్బందిగా పళ్లెం వైపు చూస్తాడు. ఆ ఇబ్బంది లోపల ఉన్నంతవరకూ దానికి విలువ లేదు, బయటివాళ్ల లెక్కలో అదీ నవ్వు కిందే పడుతుంది. ఎవరైనా అక్కడ అది బాగాలేదని ఒక్క మాట అంటే, వాళ్లని ఒంటరిగా వదలకండి. మీరు మొదటివారు కాలేకపోవచ్చు, అది అందరి వల్లా అయ్యే పని కాదు. రెండోవారు కావడం మాత్రం అందరి వల్లా అవుతుంది. ఒక్కసారి పిల్లల్ని తీసుకుని కమ్మింగ్ కోర్టు కూడలికి వెళ్లండి. రాబ్ ఎడ్వర్డ్స్ చావునీ, ఆ వెళ్లగొట్టడాన్నీ చెప్పే ఫలకం ఒకటి 2021లో అక్కడ పెట్టారు. వందేళ్లు దాటాక పెట్టారు. పక్కన నిలబడి దాన్ని వాళ్లకి తెలుగులో చదివి వినిపించండి.